గడప ముందట నాలుగో జత

ఫిబ్రవరి 9, ఆదివారం

చలాన్ బుక్కు ముంగట పేజీలు స్టోన్లు అతికిచ్చే చీరల లెక్కవి, ఎనుక పేజీలు నావి. ఇయ్యాల్టి సంది ఇండ్ల రాస్త. ఈయన ఈ బుక్కు ఎన్నడు ముట్టడు, అత్తమ్మకు చదువు రాదు. ఇంతకన్న భద్రమైన తావు ఈ రూమ్ల ఇంకోటి లేదు.

రెండు గీతలొచ్చినయి. పక్క రూము ఊర్మిళతోటి తెప్పించుకొని చూసిన. ముప్పై మూడేండ్లకు ఇంక సిగ్గేందే అని నవ్వింది. నవ్వితే నవ్వనీ.

ఈయనకు చెప్పలే.

ఫిబ్రవరి 11

చెప్పిన. మగ్గం కాడికెల్లి వచ్చి మోతకు చెవులల్ల పెట్టుకున్న దూది తీసుకుంట కూసున్నడు. ఒక చెవిది తీసిండు, ఇంకోదాంట్ల ఉన్నది. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"ఇప్పుడా?" అన్నడు.

మూడేండ్ల కింద పాండేసరా రూముల గూడ గదే మాట. ఇంకో ఇల్లు చూసినంక కందాం అన్నడు, గోళీలు తెచ్చిండు, నేను మింగిన. ఆ ఇంకో ఇల్లు ఇదే. పాండేసరా రూము కన్న రెండు జానలు చిన్నది. ఆ పిల్ల ఉంటే ఈ ఏడు అంగన్‌వాడికి పోయేది. పిల్లనో పిలగాడో నాకేం తెలుసు, నేనే పిల్ల అనుకుంట.

ఈ అమ్రోలి బిల్డింగుల కిరాయి రూముకు గాదు, తలకు. బిల్డింగు సేఠు దగ్గర లెక్కలు రాసే మెహతాజీ నెలకోపారి పొద్దుగాల పదింటికి వస్తడు. ఏ రోజు వస్తడో చెప్పడు. ఇంట్ల ఎంతమంది ఉన్నరని అడగడు, గడప ముందటి చెప్పులు లెక్కవెట్టుకొని పోతడు. జనం అబద్ధం ఆడుతరు గని చెప్పులు ఆడవట.

మా గడప ముందట మూడు జతలు. ఈయనవి, నావి, అత్తమ్మవి.

ఫిబ్రవరి 20

డాక్టరమ్మ కాడికి పోయిన. ఈసారి తీయించుకుంటే మళ్ళ ఆశ పెట్టుకోకు అన్నది. ఫీజు తీసుకొని మరీ అన్నది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆల్థాన్ దిక్కు పోయి ఒక ఇల్లు చూసినం. వంటిల్లు వేరె, బాత్రూం లోపల్నే. నల్ల తిప్పి చూసిన, ఊకెనే. నీళ్ళు దబదబ వచ్చినయి. కిటికీ కింద జాగ చూసి ఇక్కడ తొట్టెల పడ్తది అనుకున్న. ఈయన లోపలికి రానే రాలే, వాకిట్లనే నిలవడ్డడు. వాచ్‌మన్ కిరాయి ఎంతనో చెప్పంగనే చిన్నగ నవ్విండు.

వచ్చేటప్పుడు బస్సుల ఒక్కటే మాట: "గండ్ల ఉండాల్నంటే నేను రాత్రి పగలు రెండు పాళీలు మగ్గం నడపాలె. ఇగ ఇల్లెందుకు, మగ్గం కిందనే పండుకుంట."

మాట నిజమే. అందుకే మస్తు కోపమొచ్చింది.

మార్చి 2

గమ్ము వాసనకు కక్కిన. ఎనిమిదేండ్ల సంది చీరలకు స్టోన్లు అతికిస్తున్న, ఎన్నడు కక్కలే. అత్తమ్మ లేసింది. గమ్ము డబ్బా తీసుకపోయి బయట వరండాల పెట్టి, తాను గూడ చీర ముందటేసుకొని ఆడనే కూసున్నది. కండ్లు సరిగ కానరావు, స్టోన్లు వంకర అతికించింది. నాలుగు చీరలు మళ్ళ చేసిన.

మార్చి 3

ఈయన గురువారం సెలవు పెడ్తనన్నడు. గోళీలు తెస్తడట. మెల్లగ అన్నడు గని పది అడుగుల రూమ్ల మెల్లగ ఏంది, గట్టిగ ఏంది.

అత్తమ్మ బియ్యం ఏరుకుంట ఏరుకుంట ఆగింది. "ఎందుకురా తీపిచ్చుడు? నేనేమన్న సచ్చిన్నా, సాదనీకె?"

"మూడు తలల కన్న ఎక్కువ ఉండద్దే అవ్వా. నోటీసు పెట్టిండు. పసిపిల్ల గూడ తలే అంటడు మెహతాజీ. పసిపిల్లలకే నీళ్ళు ఎక్కువ గావాల్నట."

"నువ్వు చదివినవా?"

"నాకు గుజరాతీ ఏడొస్తది? అందరు అనుకుంటాండ్రు."

అత్తమ్మ నా దిక్కు చూసింది. "రేపు నాకు జర చదివి చెప్పు బిడ్డా. ఇనకుండ ఎట్ల ఒప్పుకుంట?"

మార్చి 4

నోటీసు మెట్ల కాడ అంటిచ్చి ఉన్నది. ఈ బిల్డింగుల తెలుగోళ్ళందరికి నేనే చదివి చెప్త. లింబాయత్‌ల మున్సిపాలిటీ తెలుగు బడిల మాకు గుజరాతీ గూడ చెప్పిండ్రు. కరెంటు బిల్లు, దవాఖాన చిట్టి, ఏదైనా నా కాడికే తెస్తరు.

అత్తమ్మ కొంగు నెత్తి మీద కప్పుకొని, పురాణం ఇననీకె వచ్చినట్టు నిలవడ్డది. నేను వేలు పెట్టి చదివిన. కిరాయి ఐదో తారీకు లోపల కట్టాలె. నీళ్ళు పొద్దుగాల గంట, మాపటీలి గంట. మెట్ల మీద సామాను పెట్టద్దు. కిరాయి తలకు ఇంత, పసిపిల్లకు గూడ. రూముకు మూడు తలలు.

"అంతేనా?" అన్నది.

"అంతే" అన్న.

చదవమన్నది, చదివిన. నేను ఆమెను పొమ్మనలే.

మార్చి 5

పొద్దుగాల చాయ్ తాగుకుంట అత్తమ్మ అన్నది: "మూడే గదా. ఒకటి తీస్తే ఒకటి పడ్తది."

ఇచ్ఛాపూర్‌ల పద్మారాణి అని మనామె, ఫ్యాక్టరోళ్ళకు మెస్సు నడుపుతది. వంటకు మనిషి గావాల్నట. తిండి, పండుకోనీకె జాగ ఆడనే. రెండేండ్ల సంది పిలుస్తున్నదట. ఇప్పుడే పోతే కాన్పు దాక ఒక తల కిరాయి మిగులుతది అన్నది. నాకైతే ఎన్నడు చెప్పలే.

ఈయన కప్పు కింద పెట్టి, "ఈ వయసుల ఏం వంటనే అవ్వా" అన్నడు. గంతే. వద్దని అనలే. గురువారం సెలవు గూడ పెట్టలే.

నేను వద్దన్న. ఒక్కసారి అన్న. రెండోసారి అననీకె నోరు రాలే.

మార్చి 16, ఆదివారం

పోయింది. ఒక చేతిసంచి, షుగర్ గోళీల డబ్బా. ఈయన బస్సెక్కించి వచ్చిండు.

పోయేటప్పుడు గడప దాటి, చెప్పులేసుకొని, వేలు చూపెట్టి మరీ చెప్పింది: "పుట్టకముందే ఏమన్న కొన్నవనుకో, ఊకోను. గుడ్డపీలిక గూడ కొనద్దు. లోకానికి బట్ట నేస్తం గని కడుపుల ఉన్నదానికి తేం. మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్తున్న."

సరే అన్న.

మార్చి 17

కాళ్ళు జాపుకొని పండుకున్న. ఎన్నేండ్లాయెనో గట్ల పండుకోక. మంచిగ నిద్రవట్టింది. ఇది రాయద్దు. రాసిన.

ఏప్రిల్ 13, ఆదివారం

అత్తమ్మ వచ్చింది. ఉత్త కాళ్ళు, మోకాళ్ళ దాక దుమ్ము.

"చెప్పులేవి?" అన్న. సంచి చూపెట్టింది. పాలితీన్ కవర్ల చుట్టి పెట్టుకున్నది. గల్లీ మూల కాడనే ఇడిసిందట.

"గడప కాడిదాక ఏసుకొని వచ్చి, ఆడ తీసి సంచిల పెట్టుకోరాదు?"

"అలవాటు పాడుది బిడ్డా. గడప కనవడంగనే కాళ్ళు వాటంతట అవే ఇడుస్తయి. ముచ్చట్ల పడి మర్చిపోత. గప్పుడే వాడొచ్చి లెక్కవెట్టి, మూడో తల కిరాయి మళ్ళ రాస్తే? గల్లీ మూల కాడ ఇడిస్తే ఇగ మతిల పెట్టుకునే పని లేదు." నవ్వింది. "ఉత్త కాళ్ళతోటి వస్తే చూసినోళ్ళు పక్కింటి ముసల్ది అనుకుంటరు."

మెస్సుల పప్పు నీళ్ళోలె చేయమంటరట, పద్మారాణి పిసినారట. మస్తు మాట్లాడింది. నాలుగింటికి లేసింది. చీకటి కాకముందే బస్సు పట్టుకోవాలె అని తొందరపడ్డది. నేను ఉండమనలే.

ఆమెది మంచి ఆలోచనే. చెప్పులు కనవడకుంటే సరి.

మే 11

కడుపు కనవడుతున్నది. లోపల కదిలింది. స్టోన్ అతికిస్తున్న, చెయ్యి ఆగిపోయింది. నవ్వొచ్చింది, ఒక్కదాన్నే నవ్వుకున్న.

మే 25

ఊర్మిళ మరిది ఊరికెల్లి వచ్చిండు. ఇప్పుడు వాళ్ళు నలుగురు. మెహతాజీ ఏం అనలే?

అడుగుదామనుకునే లోపల తనే అడిగింది. "మీ అత్తను ఎందుకు పంపినవే? నాలుగో తలకు ఒకటిన్నర కిరాయి కట్టి ఉంచుకోవచ్చు గదా. మేం కడ్తలేమా?"

గమ్ము డబ్బా మూత పెట్టిన, తీసిన, మళ్ళ పెట్టిన. "మాతోటి కాదు" అన్న.

కాదు గూడ. నిజంగనే కాదు. రోజుకు ఇంకో రెండు చీరలు ఎక్కువ చెయ్యాలె. కడుపుతోటి ఎట్ల చేస్త?

ఎట్ల చేస్త.

ఈ ముచ్చట మా ఆయనతోటి అనకు అని ఊర్మిళకు చెప్పిన. ఆమె నా ముఖం చూసింది, గంతే.

జూన్ 8, ఆదివారం

అత్తమ్మ వచ్చింది, నాలుగింటికి పోయింది. ఎండకు తారు కాలి అరికాళ్ళు బొబ్బలెక్కినయి. నొస్తలేదా అంటే, "షుగరొచ్చినంక కాళ్ళు నాయి గావు బిడ్డా, ఎవలియో మోస్తున్నట్టు ఉంటది" అన్నది.

జూలై 6, ఆదివారం

వాన. గల్లీ నిండ మోకాళ్ళ లోతు నీళ్ళు. కారఖానలకెల్లి కొట్టుకొచ్చిన దారం, నూనె, ఇనుప ముక్కలు అన్నీ అండ్లనే. గండ్లకెల్లి నడుచుకుంట వచ్చింది, ఉత్త కాళ్ళతోటి.

గడప సంది గోడ దాక ఎర్ర మరకలు. ముందుగాల కుంకుమ నీళ్ళేమో అనుకున్న. కుడి కాలు ఎత్తి చూస్తే బొటనవేలు కింద మగ్గం పిన్ను సగం దిగి ఉన్నది. ఆమెకు తెలువదు. నేను లాగిన. అప్పుడు గూడ తెలువలే. నా ముఖం చూసి, "ఏమైందే?" అన్నది.

పసుపు పెట్టి కట్టిన. దవాఖానకు పోదామన్న. "దీనికా?" అన్నది. సరే అన్న.

మరకలు తుడిచిన.

జూలై 13

రాలే.

జూలై 20, ఆదివారం

వచ్చింది. కాలికి గుడ్డ కట్టుకున్నది, నల్లగైంది. కుంటుతాంది. తగ్గుతున్నదన్నది. రూమ్ల ఏదో వాసన, గమ్ముది అనుకున్న.

గమ్ము డబ్బా వరండాలనే ఉన్నది.

జూలై 27

రాలే. వాన గదా.

ఆగస్టు 2

పద్మారాణి ఫోను చేసింది. నాలుగు రోజుల సంది జరమట, నిన్న మెస్సుల పడిపోయిందట. సర్కారు దవాఖానల ఏసిండ్రు. ఈయన పాళీ మధ్యల ఇడిసి పోయిండు. పాదం తీసేస్తం, లేకుంటే పైకి ఎక్కుతది అన్నరట. ఈయన సంతకం పెట్టి వచ్చిండు.

"ఉత్త కాళ్ళతోటి ఎందుకు తిరిగింది?" అని అడిగిండు నన్ను. ఆదివారాలు ఈయన ఎక్కువ పాళీ కొట్టెటోడు, ఆమె వచ్చుడు పోవుడు ఎన్నడు చూడలే.

"అలవాటేమో" అన్న.

ఆగస్టు 9

నూలు పున్నమి. ఈయన దవాఖానలనే, అవ్వ మంచం కాడ నిలవడి జంజెం మార్చుకున్నడు. నర్సు అటు తిరిగింది.

అత్తమ్మ గుండెల మీద ఇంత నూలు పెట్టుకొని ఉన్నది. ఈయనతోటి తెప్పించుకున్నదట. ఒక పోగు తీసి నా చేతికి కట్టింది. ముడి గట్టిగ పడ్డది. నేతోళ్ళ చెయ్యి గదా.

ఈయన చాయ్‌కి పోయినంక, "నయం కాంగనే ఇంటికి పోదాం అత్తమ్మా" అన్న.

"ఏ ఇంటికే? మూడే గదా."

అప్పుడు చెప్పాలె. నోటి దాక వచ్చింది. ఆమె నా కడుపు మీద చెయ్యి పెట్టింది, లోపల తన్నింది, ఆమె నవ్వింది. ఇప్పుడెందుకు చెప్పి మనసు పాడుచేసుడు అనుకున్న. ఎవలి మనసు?

"నువ్వు చదివి చెప్పకుంటే నేను తెలివిలేకుండ ఆడనే ఉండేదాన్ని" అన్నది. "పాపం ఆ పిల్లను గూడ తీపిచ్చేటోడు వీడు. నీ చదువు మంచికొచ్చింది బిడ్డా."

ఆగస్టు 19

పోయింది.

సెప్టెంబర్ 3

పద్మారాణి ఆమె సంచి ఇచ్చి పోయింది. గోడ మొలకు తగిలేసిన. విప్పలే.

సెప్టెంబర్ 11

మధ్యాన్నం గచ్చు తుడిచి కూసున్న. గడప సంది గోడ దాక తడి అడుగులు. తుడిచిన. జరసేపటికి చూస్తే మళ్ళ ఉన్నయి. నా కాళ్ళేనేమో. నా కాళ్ళు చూసుకున్న, ఆరి ఉన్నయి.

ఊర్మిళను పిలిచి చూపెడదామనుకున్న. పిలవలే. ఆమెకు కనవడకుంటే ఎట్ల? కనవడితే ఎట్ల?

సెప్టెంబర్ 14, ఆదివారం

నాలుగు కాంగనే ఎవలో లేసినట్టు అనిపిస్తది. ప్రతి ఆదివారం. పట్టపగలు.

సెప్టెంబర్ 26

గల్లీల బతుకమ్మ ఆడుతున్నరు. మాకు ఈ ఏడు లేదు. కిటికీ కాడ నిలవడి చూసిన. చప్పట్లు కొట్టుకుంట తిరుగుతున్న ఆడోళ్ళ చెప్పులన్నీ ఒక పక్కకు ఇడిసి ఉన్నయి. లెక్కవెట్టిన. ఎందుకు లెక్కవెట్టిన్నో.

అక్టోబర్ 12

ఆడపిల్ల. మూడు కిలోలకు జర తక్కువ. ఈయన ఏడ్చిండు. నర్సుకు మిఠాయి పైసలిచ్చిండు, అడగకముందే.

పిల్ల కుడి కాలు పట్టుకొని చూసిన. ఐదు వేళ్ళున్నయి. మళ్ళ చూసిన.

అక్టోబర్ 31

రేపు ఇరవై ఒకటో దినం, తొట్టెల ఏసుడు. తొట్టెలకు పాత చీర గావాలె, పెద్దోళ్ళు కట్టిన మెత్తటిది. ఈయన అవ్వ చీర తియ్యి అన్నడు. ఇగ సంచి విప్పక తప్పలే.

రెండు చీరలు, గోళీల డబ్బా. పాలితీన్ కవర్ల చెప్పులు, జూలై బురద ఎండి ఉన్నది. దాని కింద ఇంకో కవరు. దాంట్ల ఇంతింత చెప్పులు. నొక్కితే పీక్ మని మోగుతయి గదా, గవి. ఎర్రయి. ఇచ్ఛాపూర్ బజార్ల కొన్నదేమో, చిట్టి గూడ తీయలే.

గుడ్డపీలిక గూడ కొనద్దన్న మనిషి కొన్నది. పిల్ల నడిచే నాటికి తాను ఉండదని ఎరుకే ఆమెకు. కాలు కుళ్ళుతుంటే, దవాఖానకు పోకుండ, బజారుకు పోయి గివి కొన్నది.

ఇగ రాస్త. రాయకుంటే ఈ రూమ్ల ఉండలేను.

నోటీసు ఆరు లైన్లు. నేను ఐదే చదివిన. ఆరోది: నాలుగో మనిషి ఉంటే ఒకటిన్నర కిరాయి, మెహతాజీకి చెప్పి పేరు రాయించుకోవాలె. నా వేలు దాని మీదనే ఉన్నది. అంతేనా అన్నది. అంతే అన్న.

రెండు చీరల కష్టానికి గాదు. చేసేదాన్ని, ఊర్మిళ చేస్తలేదా. నాకు కాళ్ళు జాపుకోవాలనిపించింది. పదేండ్లు పెండ్లై, ఒక్క దినం గూడ మొగనితోటి ఒక్కదాన్నే ఉండలే. పిల్ల పుడుతది, నేను, ఈయన, పిల్ల, గట్ల ఒక ఇల్లోలె ఉంటదనుకున్న. ఆమె మంచిది. మంచిదైనా జాగ ఆపుతది గదా. ఆమె చస్తదని అనుకోలే. పోతదని మాత్రం అనుకున్న. చదివేటప్పుడే అనుకున్న.

నవంబర్ 1

తొట్టెల ఏసినం. అత్తమ్మ చీరల పిల్ల మంచిగ పండుకున్నది. పేరు పెట్టనీకె ఊర్మిళ, గల్లీ ఆడోళ్ళు వచ్చిండ్రు. ఈయన అవ్వ పేరే, కొమురవ్వ అని పెడదామన్నడు. అందరు బాగుందన్నరు. నేను లోపలికి పోయి చాయ్ పెట్టిన. చివరికి లత అని పెట్టిండ్రు.

నవంబర్ 9, ఆదివారం

పొద్దుగాల లేసి అత్తమ్మ చెప్పుల బురద కడిగిన. గడప ముందట పెట్టిన. ఈయనవి, నావి, ఆమెవి. పక్కకు ఎర్ర చెప్పులు. నీళ్ళకు పోయేటోళ్ళు చూసుకుంట పోయిండ్రు. ఈయన చూసి, అవ్వ చెప్పులు గుర్తుకు పెట్టుకున్నదేమో అనుకున్నడు. రోజు పెడుత అనుకున్న, మెహతాజీ వచ్చేదాక. ఇయ్యాల్నే వచ్చిండు.

వేలితోటి చూపెట్టుకుంట, "ఏక్, దో, తీన్" అన్నడు. చిన్న జత కాడ నవ్విండు. "చార్." బుక్కు తీసి, మళ్ళ ఆగిండు. గవి ముసలామె చెప్పులని ఆయనకు ఎరుకే. ముసలామె పోయిందని గూడ ఎరుకే. "తీన్ లిఖూఁ?" అన్నడు మెల్లగ, మూడే రాయాల్నా అని. మంచిగనే అన్నడు.

"చార్ లిఖో" అన్న.

"నాలుగో తలకు ఒకటిన్నర పడ్తది బెహన్. నోటీసు చదవలేదా?" హిందీల అడిగిండు.

"చదివిన" అన్న.

రాసుకున్నడు. పేరు అడిగిండు. కొమురవ్వ అని చెప్పిన. ఆయనకు నోరు తిరగలే, రెండుసార్లు చెప్పిన.

ఆయన పోయినంక పిల్లను ఎత్తుకొని మెట్ల కాడికి పోయిన. నోటీసు ఎండకు తెల్లవడ్డది గని అక్షరాలున్నయి. వేలు పెట్టి, మొదటికెల్లి, తెలుగుల, గట్టిగ చదివిన. ఐదు లైన్లు అయినంక ఆగలే. ఆరోది గూడ చదివిన. జర నెమ్మదిగ చదివిన, అత్తమ్మకు ఇనవడేటట్టు.

తిరిగి చూస్తే ఈయన పై మెట్టు మీద నిలవడి ఉన్నడు. చెవులల్ల దూది లేదు.